చెత్త తూకం: ఈ సోమవారం నుంచి
హోటల్, కిరాణా, ఫంక్షన్ హాల్ నడిపే అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ సోమవారం నుంచి అందరం వారం రోజులు మన చెత్త తూద్దాం. మొన్న గడియారం సెంటర్‌లో టీ తాగుతూ "రోజూ చెత్త ఎంత వస్తది?" అని అడిగితే అందరం "ఓ రెండు బకెట్లు" అన్నాం. అది లెక్క కాదు. నేను మా మెస్‌లో వారం రోజులు తూచి చూసిన.

ముందు ఖాళీ బకెట్ బరువు రాసుకోండి, తర్వాత మొత్తం తూకంలోంచి అది తీసేయాలి. వంటింటి తొక్కలు ఒక బకెట్, ప్లేట్లలో మిగిలింది ఒకటి, అమ్ముడుపోక పారేసింది ఇంకొకటి. మూడూ కలిపి తూస్తే ఏం తెలియదు. వారం పూర్తిగా తూచాలి, ఎందుకంటే ఆదివారం గిరాకీ వేరు. మొత్తాన్ని 7తో భాగిస్తే రోజు సగటు. పెళ్లి ఆర్డర్ ఉన్న రోజు మాత్రం విడిగా రాయండి.

మాకు తొక్కలే ఎక్కువ అనుకున్న. కాదు, ప్లేట్లలో అన్నం! మొదటి వడ్డన తగ్గించి, అడిగితే మళ్లీ పెట్టమని వడ్డించే పిల్లలకు చెప్పిన. రోజూ తినే ఒకాయన "పిసినారి అయినవ్" అన్నడు, మూడో రోజుకు ఆయనే అలవాటు పడ్డడు. కొత్తిమీర కూడా రోజుకు సరిపడానే తెస్తున్న.

కిరాణా వాళ్లు అట్టపెట్టెలు తడవకుండా పెడితే పాత సామాన్ల ఆయన కొంటడు. ఫంక్షన్ హాల్ వాళ్లు ఒకటి చూసుకోండి: 2016 నాటి ఘన వ్యర్థాల (చెత్త) నిబంధనల్లో రోజు సగటు 100 కిలోలు దాటితే భారీ చెత్త ఉత్పత్తిదారు కింద లెక్క ఉండేది, ఇప్పుడు ఎట్లుందో కనుక్కోండి.

వారం అయినంక ఆదివారం రాత్రి మీ లెక్క ఇక్కడ పెట్టండి. కాటా లేకపోతే మాది తీసుకుపోండి, టిఫిన్ల టైం అయినంక రండి.