ఎడిన్‌బరా నుంచి బాపుకు

బాపూ,

నా ఫోన్ పెట్టేశాక అవ్వ ఏడ్చిందని తమ్ముడు చెప్పాడు. ‘నేను అనేదే లేదట’ అన్నందుకేనా? నాకేం కాలేదు. వేళకు తింటున్నా, నిద్ర పడుతోంది. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది. ఆ మాట సాయంత్రం తత్వశాస్త్రం క్లాసులో విన్న సంగతి, అంతే. టెన్షన్ పడొద్దని చెప్పు.

నువ్వడిగినదానికి మాత్రం అప్పుడు జవాబు తోచలేదు. ‘నేను లేకపోతే, లేదని తెలుసుకున్నదెవరు?’ అన్నావు. శంకరుల వాదమే కదా, ఆత్మను కాదనేవాడి అసలు రూపమే ఆత్మ అని.

ఈ ఊళ్లోనే పుట్టిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో దీనికి అడ్డంగా రాశాడు. లోపలికి చూసుకున్నప్పుడల్లా వేడో చలో, ప్రేమో ద్వేషమో, నొప్పో సుఖమో తగులుతుందట గానీ, వాటిని పక్కన పెడితే ‘నేను’ ఎన్నడూ చిక్కలేదట. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. పొద్దున బస్సులో కూర్చుని నేనూ వెతికాను బాపూ. వేళ్లకు చలి, నీ దగ్గు, హన్మకొండ చౌరస్తాలో హారన్ల మోత. ఇవే వచ్చిపోయాయి.

అవ్వకు ఇంకో మాట చెప్పు. ఈ ఆలోచనలతో తనకు లోకమంతా చీకటైపోయిందని, దోస్తులతో కలిసి తిని, ఆట ఆడి, నవ్వుకున్నాక అవే తేలిపోయాయని కూడా హ్యూమ్ రాశాడు. నేనూ ఒంటరిగా లేను. మొన్న కరీంనగరోళ్ల ఇంట్లో సకినాలు చేశాం. పిండి చుట్టు తిప్పుతుంటే నా వేళ్లు అచ్చం అవ్వ వేళ్లలాగే మెదిలాయి, చూసి నాకే ఏడుపొచ్చింది.

నాకు నమ్మకంగా అనిపించింది బౌద్ధ భిక్షువు నాగసేనుడి మాట. మిలింద రాజును అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు, అన్నీ కూడితే పెట్టుకున్న పేరు. మన తాత బండి లేదూ? ఇరుసు మార్చావు, చక్రాలకు కొత్త పట్టాలు వేయించావు, చివరికి నొగలు కూడా కొత్తవే. అయినా అది తాత బండే, ఏటా వడ్లు మోసింది. ఆ భాగాలను విడిచి బండి ఎక్కడో వేరే ఉందనుకుంటేనే భ్రమ. నేనూ అంతేనని నా నమ్మకం.

‘మరి ఎవరి కర్మ ఎవరు మోయాలి?’ అన్నావు. దానికీ నాగసేనుడు చెప్పాడు. మామిడిపండ్లు దొంగిలించినవాడు ‘నువ్వు నాటిన టెంకలు వేరు, నేను తెంపిన కాయలు వేరు’ అంటే రాజు వదిలేస్తాడా? వాటి నుంచి వచ్చినవే ఇవి. నా చదువుకు నువ్వు చేసిన అప్పు కూడా నాదే బాపూ. సంతకం చేసిన పిల్ల ఇప్పుడు లేకపోయినా, ఆ పిల్ల నుంచి వచ్చిన మనిషినే నేను. దాని గురించి మళ్లీ అడగకు, శుక్రవారం పంపుతున్నాను.

‘నేను’ గురించి తాను చెప్పింది తనకే తృప్తిగా లేదని 1740లో హ్యూమే రాసుకున్నాడు. అందుకే నీ సాక్షిని, అదే లోపల ఉండి అన్నీ చూస్తుందనే ఆత్మను, నేను కొట్టేయలేదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నా. గాఢనిద్రలో కూడా సాక్షి ఉంటుందనడానికి, లేచాక ‘హాయిగా పడుకున్నా’ అంటాం కదా అని చూపిస్తారు. అది లేచాక వేసుకున్న అంచనా ఎందుకు కాకూడదు? ఆదివారం ఫోన్‌లో చెప్పు.

అవ్వ మోకాలు డాక్టరుకు చూపించు, వాయిదా వేయకు.

నీ బిడ్డ