మా ఫెలోషిప్ ఎప్పుడు వేస్తారు మంత్రి గారూ?

మంత్రి గారికి నమస్కారం.

ఇన్నాళ్లూ రాయాల్సిన దారిలోనే రాశాం. గైడ్ గారి సంతకంతో, డిపార్ట్‌మెంట్ స్టాంపుతో, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ జత చేసి పంపాం. మెయిళ్లు పెట్టాం, ఫోన్లు చేశాం. ఫిర్యాదుల పోర్టల్లో వేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అని ఒక్క లైను రాసి ఫిర్యాదు మూసేశారు. డబ్బులు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ అది, సంక్రాంతికి ముందు ఆగిపోయింది. ఉగాది వెళ్లిపోయింది, సింహాచలం చందనోత్సవం అయిపోయింది, వానలు కూడా మొదలయ్యాయి. స్కీమ్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌ని అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ని నెలకి 31,000 నుంచి 37,000కి, ఎస్‌ఆర్‌ఎఫ్‌ని అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ని 35,000 నుంచి 42,000కి పెంచారు. ఆ రోజు హాస్టల్లో స్వీట్లు పంచుకున్నాం సార్, నిజంగా సంతోషపడ్డాం. కానీ ఉత్తర్వులో ఉన్న అంకెతో ఇంటద్దె కట్టలేం కదా.

నా పని గామా కిరణాల మీద, అంటే ఎక్స్‌రేల కంటే కూడా ఎక్కువ శక్తి ఉన్న వెలుగు మీద. దూరపు గెలాక్సీల నడిమధ్య ఉండే భారీ కృష్ణబిలాల్లో కొన్ని, కణాలని దాదాపు కాంతి వేగంతో సన్నటి ధారలా చిమ్ముతుంటాయి. ఆ ధార సరిగ్గా మన వైపుకి తిరిగి ఉంటే దాన్ని బ్లేజర్ అంటారు. దానికి మన టైమ్‌టేబుల్‌తో పని లేదు, కొన్ని నెలలు మామూలుగా ఉండి, ఒక్కసారిగా భగ్గుమంటుంది. 2008 నుంచి అంతరిక్షంలో తిరుగుతున్న ఫెర్మి గామా కిరణాల టెలిస్కోప్ సుమారు మూడు గంటలకోసారి ఆకాశం మొత్తం చూస్తుంది, ఆ డేటాని నాసా అందరికీ ఉచితంగా ఇస్తుంది. పెదవాల్తేరులో అద్దెగదిలో ఉన్న నాకూ, జర్మనీలో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవాళ్లకూ అదే డేటా. అంటే మేం మిమ్మల్ని వేల కోట్ల టెలిస్కోప్ అడగట్లేదు. ఒక కంప్యూటర్, కరెంటు, ఇంటర్నెట్, కొన్ని హార్డ్‌డిస్కులు ఉంటే చాలు, వాటితో పాటు నెలాఖరుకి మెస్ బిల్లు ఎలాగా అని టెన్షన్ పడకుండా కూర్చోగలిగే మనిషి ఒకరు ఉండాలి. ఆ చివరిదే ఇప్పుడు లేకుండా పోతోంది.

అలా కూర్చుని చూసేవాళ్లు ఎందుకు కావాలో ఒక ఉదాహరణ చెప్తాను. 2017 సెప్టెంబర్ 22న దక్షిణ ధ్రువంలో మంచు లోపల ఉన్న, న్యూట్రినోలని పట్టే డిటెక్టర్ ఐస్‌క్యూబ్‌కి ఒక న్యూట్రినో చిక్కింది. న్యూట్రినో అంటే దాదాపు దేన్నైనా దాటుకుని పోయే, బరువు లేదన్నంత తేలికైన కణం. నిమిషం లోపే ప్రపంచంలోని టెలిస్కోపులకి కబురు వెళ్లింది. ఆ దిశలో ఫెర్మి డేటా చూస్తే టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజర్ అప్పటికే భగ్గున వెలుగుతూ కనిపించింది. దాని వెలుగు సుమారు 400 కోట్ల సంవత్సరాల కిందట బయల్దేరింది. అంత అధిక శక్తి ఉన్న న్యూట్రినో ఎక్కడ పుట్టి ఉంటుందో గట్టిగా చూపించగలగడం అదే మొదటిసారి. వెంటనే చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ తర్వాత సిసిలీ దగ్గర సముద్రం అడుగున, సుమారు 3,450 మీటర్ల లోతులో ఉన్న కేఎం3నెట్ డిటెక్టర్‌కి 2023 ఫిబ్రవరి 13న ఇంకో న్యూట్రినో తగిలింది. దాని శక్తి సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా వేశారు, అప్పటిదాకా చూసిన న్యూట్రినోలన్నిటి కంటే ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో ఆ పేపర్ వచ్చింది కానీ, ఆ న్యూట్రినో ఎక్కడి నుంచి వచ్చిందో పేపర్ కూడా తేల్చలేదు. ఆ దిశలో ఉన్న బ్లేజర్లు అనుమానితుల జాబితాలో ఉన్నాయి. నేను మొదలుపెట్టింది సరిగ్గా అలాంటి బ్లేజర్ల పాత డేటా మీదే. ఫెలోషిప్ ఆగాక ఆ ఫోల్డర్ తెరవడమే తగ్గిపోయింది సార్, ఎందుకంటే సాయంత్రాలు ద్వారకానగర్లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాలా వద్దా అన్నదే నా ఆలోచనంతా.

అది కూడా మీ నియమం ఒప్పుకోదు. ఫెలోషిప్ తీసుకునేవాళ్లు ఇంకో చోట జీతానికి పనిచేయకూడదు. మంచి నియమమే, పరిశోధన మీదే దృష్టి పెట్టాలని కదా. కానీ మీరు ఇవ్వరు, బయట సంపాదించుకోనివ్వరు, మధ్యలో మేం ఏం తినాలి? మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. పీహెచ్‌డీ చేస్తున్న కూతురికి ఆయన ఈ వయసులో మళ్లీ డబ్బు పంపుతున్నాడు. ఫోన్‌లో ఎప్పుడూ అడగడు, నేనే చెప్తాను, "వచ్చే నెల పడతాయి నాన్నా" అని. చుట్టాలు మాత్రం ఊరుకోరు. ఇంకెన్నాళ్లు చదివిస్తావు, పెళ్లి చేసెయ్ అంటున్నారట. వాళ్ల నోరు మూయించడానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు ఆ ఫెలోషిప్. దాన్నీ మీరే లాగేసుకున్నారు. నాతో పాటు చేరిన అబ్బాయి, నాకంటే కోడింగ్ బాగా చేసేవాడు, వదిలేసి మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు. వాడు రాసిన ప్రోగ్రాములే నేను ఇంకా వాడుతున్నాను. వాడు తిరిగి రాడు.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. మన దేశంలో ఈ రంగానికి ఉన్న చరిత్ర మీకు తెలుసు. 1965లో కోలార్ బంగారు గనుల లోతుల్లో కాస్మిక్ కిరణాల వల్ల మన వాతావరణంలో పుట్టే న్యూట్రినోల్ని పట్టుకున్నారు, ప్రపంచంలోనే మొదటి పరిశీలనల్లో అదొకటి. ఇదే విశాఖలో స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 2015 జనవరిలో తమిళనాడులోని తేని జిల్లాలో న్యూట్రినో అబ్జర్వేటరీకి సుమారు 1,500 కోట్లతో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. అక్కడి జనం భయాలు వినాల్సినవే, నేను కాదనను. కానీ కట్టింది లేదు, కట్టబోమని గట్టిగా చెప్పిందీ లేదు, దాని కోసమే శిక్షణ పొందినవాళ్లు ఎదురుచూశారు. చైనాలో జూనో అనే న్యూట్రినో డిటెక్టర్ నిర్మాణం కూడా 2015లోనే మొదలైంది, 2025 ఆగస్టులో డేటా తీయడం మొదలుపెట్టేసింది. న్యూట్రినోల ద్రవ్యరాశుల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న ప్రశ్నకి తేని అబ్జర్వేటరీతో మనం కూడా జవాబు వెతుకుదామనుకున్నాం.

2024 అక్టోబర్‌లో లద్దాఖ్‌లోని హాన్లేలో మేస్ అనే గామా కిరణాల టెలిస్కోప్ ప్రారంభించారు. సుమారు 4,300 మీటర్ల ఎత్తులో, 21 మీటర్ల అద్దంతో, మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేతుల మీదుగా తయారైంది. ఆ ఫొటోలు చూసి గర్వంతో ఏడ్చినంత పని చేశాను. నేను చూసే బ్లేజర్లనే అది నేల మీద నుంచి చూస్తుంది. రేపు ఆ డేటా మీద కూర్చోవాల్సింది మా లాంటి వాళ్లమే కదా సార్. అప్పటికి మాలో ఎంతమంది మిగులుతాం?

బకాయిలు వేయండి. ఒకేసారి కుదరకపోతే సగమైనా వేయండి. అదీ కుదరకపోతే ఏ తేదీన వేస్తారో చెప్పండి, రాతపూర్వకంగా, సంతకంతో. ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో చెప్పినా మేమే వచ్చి అడుగుతాం. పోర్టల్లో ఫిర్యాదు మూసే ముందు డబ్బు పడిందో లేదో ఒకసారి చూడమనండి. ఇక నుంచి ప్రతి నెలా పడేలా చేయండి, మేం అడుగుతున్నది కొత్తది కాదు, మీరు ఇస్తానన్నదే.

వచ్చే నెల మొదటి వారంలోపు అద్దె కట్టకపోతే గది ఖాళీ చేయమన్నారు. ఆలోపు ఏదో ఒకటి చెప్పండి, దయచేసి.

ఇట్లు
విశాఖపట్నం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్