విమానాశ్రయం ప్రహరీ బయటి చెత్త ఎవరిది?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మన విమానాశ్రయంలోని సౌర ఫలకాల గురించి, విద్యుత్ వాహనాల గురించి అరపేజీ వార్త వేశారు. ఆ పనులు మంచివే. 2015లో కొచ్చి విమానాశ్రయం పూర్తిగా సౌర విద్యుత్తుతో నడవడం మొదలుపెట్టి ప్రపంచానికే దారి చూపింది. మనవాళ్లూ ఆ బాట పట్టినందుకు నాకు సంతోషమే. కానీ మీ వార్త ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోయింది.

గోడకు నాలుగు కిలోమీటర్లయినా లేని మా కాలనీ చెరువు గట్టు మీద మూడేళ్లుగా చెత్త పోస్తున్నారు. చీకటి పడ్డాక కోడిమాంసం దుకాణాల వాళ్లు ఈకలు, పేగులు సంచుల్లో తెచ్చి విసిరిపోతారు. తెల్లవారేసరికి కుక్కలు, కాకులు, కొంగలు. ఎండ ముదిరేకొద్దీ గద్దలు చుట్లు తిరుగుతూ పైకి లేస్తాయి. విమానాలు దిగేదీ ఆ దారినే.

1937 నాటి విమాన నియమావళిలో 91వ నియమం ఉంది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పశువులను వధించకూడదు, పక్షులను రప్పించే చెత్త వేయకూడదు. హోటళ్లు, మాంసం దుకాణాలు, చేపల దుకాణాల వ్యర్థాలని పేరుపేరునా రాశారు. ఎవరు అమలు చేస్తున్నారు? 2022 జూన్‌లో పట్నా నుంచి 185 మందితో లేచిన విమానానికి పక్షి తగిలి ఇంజన్‌లో మంటలు రేగాయి. పైలట్లు వెనక్కి తెచ్చి క్షేమంగా దించారు. దక్షిణ కొరియాలోని మువాన్‌లో 2024 డిసెంబరు 29న అలా జరగలేదు. దిగే వేళ పక్షులు తగిలిన విమానం చక్రాలు తెరుచుకోకుండానే నేలను తాకి, రన్‌వే దాటి కాంక్రీటు దిమ్మెను ఢీకొంది. 179 మంది చనిపోయారు. దిమ్మె అక్కడ ఎందుకు ఉందన్నది వేరే ప్రశ్న, కానీ ఆపద మొదలైంది పక్షులతోనే.

మా పురపాలక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్లాను. గట్టు నీటిపారుదల వారిదన్నారు. వారేమో చెత్త పురపాలకులదన్నారు. విమానాశ్రయం వారికి రాస్తే గోడ లోపలి వరకే తమ బాధ్యత అని జవాబు వచ్చింది. గద్దకు గోడ తెలుసా? నా చిన్నతనంలో పారిశుద్ధ్య అధికారి సైకిలు మీద వీధివీధీ తిరిగి కాలువలు చూసేవారు. ఇప్పుడు ఫోనులో ఫొటో పంపితే మర్నాటికి ‘పరిష్కరించబడినది’ అని సందేశం వస్తుంది, చెత్త మాత్రం కదలదు. చూడకుండా ఆ మాట రాసేవారికి జీతం ఎందుకివ్వాలి?

శబ్దం సంగతీ అంతే. గుడిలో రాత్రి పది దాటితే మైకు ఆపించే పోలీసులు ఉన్నారు. అది న్యాయమే. కానీ విమానాశ్రయాల శబ్దానికి 2018లో కేంద్రం పరిమితులు పెట్టినా, అర్ధరాత్రి మా పైకప్పుల మీదుగా పోయే విమానాల మోత ఎంతో మాకెవరూ చెప్పలేదు. మా వీధిలో కొలిచే యంత్రాన్ని నేనింతవరకు చూడలేదు. మా మనవరాలు పరీక్షల నెలంతా చెవుల్లో దూది పెట్టుకుని చదివింది.

పక్షుల బెడద గురించి మాట్లాడేందుకు విమానాశ్రయం వారు, స్థానిక అధికారులు కలిసి కూర్చునే కమిటీ ఉంటుంది. అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఏం తేల్చిందో మీ పత్రికలో ప్రకటించమని అడుగుతున్నాను. మా గట్టుకు ఒక విలేఖరినీ పంపండి. ఉదయం పది గంటలకు రమ్మనండి, నేను చెరువు మలుపు దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు