చిన్నాయన అడిగిన ప్రశ్నకు జవాబు

జ్యూరిక్

చిన్నమ్మకు నమస్కారాలు.

చట్టాలొచ్చాయి, సగం సర్పంచు పదవులు ఆడవాళ్లకే దక్కాయి, ఇంక స్త్రీవాదులకు మిగిలిన పనేమిటని మొన్న చిన్నాయన అడిగారు. ఫోన్‌లో తెమిలే మాట కాదు కనుక రాస్తున్నాను.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా మన దగ్గర 1986 లోనే చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా దేవరకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసులో అమ్మ తన వాటా వదులుకుంటూ వేలిముద్ర వేసిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు. మామయ్య పెట్టిన చీరకు సిరా అంటకుండా అమ్మ ఆ వేలిని ఎడంగా పట్టుకుంది. ఆమెకు చట్టం తెలియక కాదు, వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని భయం. ఆ భయాన్ని ఏ కోర్టూ కొట్టివేయలేదు.

ఇక్కడ స్విట్జర్లాండ్‌లో స్త్రీలకు జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో గాని రాలేదు. మన అమ్మమ్మలు 1952 లోనే వేశారు. 1991 జూన్ 14న సుమారు ఐదు లక్షల మంది స్త్రీలు సమ్మె చేసి చాలా సాధించారు. కానీ శిశుసంరక్షణ కేంద్రాల ఫీజులు భరించలేక ఉద్యోగాన్ని సగానికి తగ్గించుకునేది ఇప్పటికీ ఎక్కువగా తల్లే. ముసలివాళ్లను చూసుకోవడానికి పోలండ్, స్లొవాకియా వంటి దేశాల నుంచి స్త్రీలు వచ్చి ఆ ఇళ్లలోనే ఉంటారు. హైదరాబాదులో ఆ పని పాలమూరు నుంచి వలసపోయిన ఆడవాళ్లది. ఇంటిపని మగవాళ్ల చేతికి వచ్చింది తక్కువ. చాలావరకు ఒక ఆడమనిషి చేతి నుంచి అంతకన్నా పేద ఆడమనిషి చేతికి మారింది. చదువుకున్న మాబోటివాళ్ల స్వేచ్ఛ దగ్గరే ఆగిపోతే స్త్రీవాదానికి ముందుదారి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకి పట్టిన నేల మనది. 1951లో కమ్యూనిస్టు పార్టీ ఆ పోరాటం విరమించాక, ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారని గెరిల్లా దళాల్లో పనిచేసిన స్త్రీలే తర్వాత చెప్పుకున్నారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. రేపటి ఉద్యమంలో ముందు నిలవవలసింది ఇళ్లలో అంట్లు తోమే స్త్రీలూ, పంచుకోవడానికి సెంటు భూమైనా లేని కూలి స్త్రీలూ. వాళ్ల కూలి, వారానికో సెలవు, చంటిపిల్లకు నీడ అనేవే మొదటి కోర్కెలు కావాలి.

భూమి ఉన్న మనవంటి ఇళ్లలో పని వేరే ఉంది. పొలం పంపకం కాగితం రాయించేటప్పుడు తమ్ముడి పేరు పక్కన చెల్లె పేరు కూడా రాయించమని చిన్నాయనతో చెప్పు. అది చెల్లె నోరు తెరిచి అడగకముందే జరగాలి.

ఇట్లు,
నీ అక్క కూతురు