తుపాను వార్తలకు తేదీ, ఊరు, కొలత కావాలి

సంపాదకులకు నమస్కారములు.

అక్టోబరు నెల వచ్చి ఈశాన్య రుతుపవనాలు బలం పుంజుకునే వేళకు తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రజల చూపు బంగాళాఖాతం మీద ఉంటుంది. మన చెరువులు నిండేదీ, బోర్లలో నీళ్లు పైకి వచ్చేదీ ఎక్కువగా ఈ మూడు నెలల వానలతోనే కాబట్టి అల్పపీడనం అన్న మాట మాకు ఆశనూ కలిగిస్తుంది, భయాన్నీ కలిగిస్తుంది. అటువంటి సమయంలో టీవీ పెట్టుకునే మనిషికి కావలసింది వాన ఎప్పుడు, ఎక్కడ, ఎంత పడవచ్చునన్న సమాచారం. దానికి బదులుగా చాలా ఛానెళ్లు ఇస్తున్నది గుండెలదిరే సంగీతం, తెర నిండా తిరిగే సుడిగాలి గ్రాఫిక్స్, గంటల తరబడి మారని రెండు మూడు శీర్షికలు. ఈ ధోరణి మీద నాకున్న అభ్యంతరాన్ని మీ పత్రిక ద్వారా ఛానెళ్ల బాధ్యుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఒక చిన్న లాడ్జి నడుపుతున్నాను. తిరుపతిలో భారీ వర్షమని టీవీలో వచ్చిన కాసేపటికే గదులు ముందుగా తీసుకున్న యాత్రికుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. బయలుదేరవచ్చా, ఘాట్ రోడ్డు తెరిచి ఉందా, రైళ్లు నడుస్తున్నాయా అని వారు అడగడంలో తప్పేమీ లేదు. తెలిసినంత వరకు చెబుతాం. ఒకసారి కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆమె తల్లిదండ్రులు మా లాడ్జిలో దిగి, ఆ ఉదయమే అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచి వెళ్లారు. టీవీలో మెట్ల మీద నుంచి వరద జలపాతంలా దూకుతున్న దృశ్యం వస్తోందనీ, ఇద్దరి ఫోన్లూ మూగబోయాయనీ, ఎవరినైనా పంపి వెతికించండి అంకుల్ అనీ ఆమె ప్రాధేయపడింది. ఆ సమయంలో మా వీధిలో పడుతున్నది సన్నటి తుంపర. నేను టీవీ పెట్టి చూస్తే ఆ దృశ్యం 2021 నవంబరు నాటిది. మా ఊరి వాళ్లెవరైనా చూడగానే గుర్తుపట్టే దృశ్యం. కొండ మీద క్యూలోకి వెళ్లేముందు సెల్‌ఫోన్లు డిపాజిట్ చేయాలి కాబట్టి వారు ఫోన్ ఎత్తలేదని, ఏ ప్రమాదమూ లేదని ఆమెకు ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. సాయంత్రం తల్లిదండ్రులే మాట్లాడే దాకా ఆ బిడ్డ పడిన వేదనకు బాధ్యత ఎవరిది? తెర మీద ఒక మూల “2021 నవంబరు” అని వేసి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

పాత దృశ్యాలను తేదీ లేకుండా చూపడం ఏదో ఒక ఛానెల్ ఒక్కరోజు చేసిన పొరపాటైతే ఈ ఉత్తరం రాసేవాడిని కాను. కపిలతీర్థం దగ్గర ఉధృతంగా దూకుతున్న నీళ్లు, ఘాట్ రోడ్డు మీద పడిన బండరాళ్లు, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి కూలిన ఇల్లు, ఇవన్నీ ఆ ఏటి దృశ్యాలే. ప్రతి వానాకాలమూ ఇవి తాజా వార్తలాగే మళ్లీ తెర మీదకు వస్తున్నాయి. అప్పుడు నిజంగా నష్టపోయిన కుటుంబాలు వాటిని చూసినప్పుడల్లా ఏమనుకుంటాయో ఛానెళ్ల వారు ఒక్కసారి ఆలోచించాలని కోరుతున్నాను.

ఆ 2021 నవంబరు సంగతే కొంచెం వివరంగా చెప్పుకోవాలి. టీవీలు దేనిని పెద్దది చేస్తున్నాయో, దేనిని చిన్నది చేస్తున్నాయో దానితో స్పష్టమవుతుంది. ఆ నెల 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచిన వానలకు కారణమైనది పేరున్న తుపాను కాదు. చెన్నై సమీపంలో తీరం దాటిన ఒక వాయుగుండం. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 నుంచి 50 కిలోమీటర్ల లోపు ఉంటే వాయుగుండం, 51 నుంచి 62 వరకు తీవ్ర వాయుగుండం. 63 కిలోమీటర్లకు చేరితేనే అది తుపాను అవుతుంది, అప్పుడే దానికి పేరు పెడతారు. అంటే పేరూ హోదా నిర్ణయించేది గాలి వేగమే తప్ప వాన కాదు. శేషాచలం కొండలను తాకి పైకి లేచిన తేమ గాలులు ఆ రెండు రోజులు కురిపించిన వానకు కొండ మీది నీళ్లు కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా నేరుగా ఊరిలోకి దిగాయి. తిరుమల ఘాట్ రోడ్లు, మెట్ల దారులు మూసివేయవలసి వచ్చింది. 19వ తేదీ తెల్లవారేసరికి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. పేరు లేని వాయుగుండం చేసిన విధ్వంసం ఇది.

పేరు పెట్టగానే హడావుడి చేసి, పేరు లేకపోతే ఒక స్క్రోలింగ్‌తో సరిపెట్టే అలవాటు వల్ల మన ప్రాంతానికి జరిగే హాని ఇక్కడే ఉంది. పేరున్నది వస్తే ఇల్లు కదలకూడదనీ, వట్టి వాయుగుండమైతే పట్టించుకోనక్కర లేదనీ ప్రేక్షకుడి మనసులో ఒక కొలత స్థిరపడిపోతోంది. కొండ కింద ఉన్న మాకు ఆ కొలత చాలా ప్రమాదకరం. తిరుపతి పట్టణం సముద్రానికి దూరంగా ఉంది. మమ్మల్ని దెబ్బతీసేది గాలి కంటే నీరు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతిభారీ, ఆ పైన అత్యంత భారీ వర్షమని వాతావరణ శాఖ స్పష్టంగా విభజించి బులెటిన్లలో ఇస్తోంది. ఈ మూడింటికీ ఉన్న తేడాను వివరించే యాంకర్‌ను నేను అరుదుగా చూశాను. మూడింటికీ ఒకటే అరుపు, ఒకటే ఎర్ర రంగు.

రంగుల విషయంలోనూ ఇదే అన్యాయం జరుగుతోంది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే తగిన చర్యలు తీసుకోమని వాతావరణ శాఖ ఉద్దేశం. వాటిని జిల్లాల వారీగా, రోజుల వారీగా ఇస్తారు. ఒక జిల్లాకు ఒక రోజుకు ఇచ్చిన రెడ్ అలర్ట్‌ను రాష్ట్రమంతటికీ వారం రోజులకు అన్వయించేలా శీర్షిక పెడితే, మదనపల్లెలో టమాటా కోసే రైతూ భయపడతాడు, వాకాడు తీరంలో వల వేసే మత్స్యకారుడూ భయపడతాడు; కానీ ఆ రోజు ఇద్దరిలో ఎవరు పని ఆపుకోవాలో ఇద్దరికీ తెలియదు. కూలి పోగొట్టుకున్నవాడు రెండోసారి నమ్మడు. మూడోసారి నిజంగా ముప్పు వచ్చినప్పుడు చెరువు కట్ట కింద ఉన్న ఇంటిని ఖాళీ చేయమని రెవెన్యూ సిబ్బంది వచ్చి చెప్పినా కదలడు. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే.

తీరం దాటే చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు అది తీరానికి సమాంతరంగా నెమ్మదిగా కదులుతూ చెన్నైని ముంచింది, తిరుపతి, నెల్లూరు జిల్లాల్లో భారీ వర్షాలు కురిపించింది. పటంలో ఒక చోట బాణం గుచ్చి, అది ఎన్ని గంటలకు తీరం దాటుతుందో సెకన్లతో సహా లెక్కపెడుతూ కూర్చునే ప్రసారంలో, ఆ బాణానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రజలకు పనికివచ్చే మాట ఎంతసేపు వినిపించింది? మా ఊరి వాళ్లకు తెలియవలసినవి చాలా చిన్న విషయాలు. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి? కళ్యాణి డ్యాం గేట్లు ఎత్తారా? చంద్రగిరి వైపు కురిసిన వాన స్వర్ణముఖిలోకి ఎప్పటికి చేరుతుంది? 2021 అక్టోబరులో, ఏ తుపానూ లేని ఒక రాత్రి కురిసిన వానకు, దర్శనం కోసం కర్ణాటక నుంచి వచ్చిన ఒక కుటుంబం వాహనం ఆ అండర్‌బ్రిడ్జి నీళ్లలో చిక్కుకుని, కొత్తగా పెళ్లయిన యువతి ప్రాణం పోయింది. బయటి ఊరి వాళ్లకు ఆ పల్లం సంగతి తెలియదు. వాన పడుతున్న రాత్రి ఆ దారిన వెళ్లవద్దని టీవీ తెర మీద ఒక్క వాక్యం కనిపించడం వంద బ్రేకింగ్ న్యూస్‌ల కంటే విలువైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

రాయలచెరువు సంగతి కూడా ఈ జిల్లా వాళ్లు మరచిపోలేదు. అదే 2021 నవంబరులో రామచంద్రాపురం మండలంలోని ఆ పెద్ద చెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందని తెలిసి, అధికారులు కింది గ్రామాలను ఖాళీ చేయించారు. జనం పిల్లలతో, పశువులతో ఎత్తయిన చోట్లకు తరలిపోయారు. కట్ట నిలిచింది. అటువంటి గంటల్లో కట్ట తెగే ప్రమాదం ఉందన్న మాటకూ, కట్ట తెగిపోయిందన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో వార్త రాసే డెస్కు వారు గుర్తుంచుకోవాలి. మొదటి మాట జనాన్ని కాపాడుతుంది. రెండో మాట చీకట్లో తొక్కిసలాటకు దారితీస్తుంది.

ఇక రిపోర్టర్ల విషయం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఎగసిపడే అలలకు ఎదురుగా గొడుగు పట్టుకుని అరుస్తున్న కుర్రవాడిని చూస్తే నాకు కోపం రాదు, బాధ కలుగుతుంది. ఆ కుర్రవాడు చాలాసార్లు నికరమైన జీతం లేని కంట్రిబ్యూటర్. నీళ్లలోకి దిగమన్నది హైదరాబాద్‌లోని డెస్కు. ఈ జాడ్యం మన దగ్గరే పుట్టలేదు. 2018 సెప్టెంబరులో అమెరికాలో ఫ్లోరెన్స్ హరికేన్ వచ్చినప్పుడు ఒక రిపోర్టర్ గాలికి నిలువలేక తూలిపోతున్నట్టు కనిపిస్తుండగా వెనుక ఇద్దరు మామూలుగా నడిచి వెళ్లిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. 2023 జూన్‌లో బిపర్‌జోయ్ తుపాను గుజరాత్ మీదకు వస్తున్నప్పుడు, రిపోర్టింగ్ సిబ్బంది ప్రాణాలను ప్రమాదంలో పెట్టవద్దని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఛానెళ్లకు సూచించవలసి వచ్చింది. చెప్పించుకునే దాకా రావడమే విచారకరం. పైగా బయటకు రావద్దని ప్రజలకు చెబుతూ తాము అలల ముందు నిలబడితే, తూపిలిపాళెం తీరానికి సెల్ఫీ కోసం వెళ్లే యువకులను ఆపే నైతిక హక్కు ఎవరికి ఉంటుంది?

తుపాను వార్తలు చెప్పవద్దని నేను అనడం లేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారని మా తరం వాళ్లకు తెలుసు. సకాలంలో హెచ్చరిక అందడం, దాన్ని జనం నమ్మడం ఎంత అవసరమో ఆ ఉప్పెన చెబుతుంది. ఇప్పుడు ఉపగ్రహాలు, రాడార్లు ఉన్నాయి, విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది, అమరావతిలో వాతావరణ కేంద్రం ఉంది. అంత శ్రమతో తయారైన సమాచారం చివరి మెట్టు దగ్గర, అంటే మన ఇంటి తెర మీద, అరుపుల్లో కలిసిపోకూడదన్నదే నా ఆవేదన.

అందువల్ల ఛానెళ్ల వారికి నా విన్నపం. పాత దృశ్యం వేస్తే అది తెర మీద ఉన్నంతసేపూ నెల, సంవత్సరం పెద్ద అక్షరాలలో కనబడాలి. వాతావరణ శాఖ బులెటిన్‌ను ఎన్ని గంటలకు విడుదలైందో చెప్పి, అందులోని మాటలనే చదవాలి. జిల్లా పేరుతో ఆగకుండా మండలాల దాకా వెళ్లాలి. విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూం నంబర్లు 112, 1070 తెర అడుగున ఎప్పుడూ ఉండాలి. ఆ చోటును ప్రస్తుతం ఆక్రమించుకుంటున్నది ప్రకటనలు. వాన తగ్గిన తర్వాత, ముందు చెప్పిన దానికీ జరిగిన దానికీ ఎంత తేడా ఉందో మరునాడు చెప్పే ధైర్యం కూడా ఉండాలి.

మీ పత్రికకూ ఒక అభ్యర్థన. అచ్చులో మీరు మండలాల వారీ వర్షపాతం ఇస్తున్నందుకు కృతజ్ఞతలు. అయితే తెలుగు పత్రికల వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానెళ్లు కూడా ఈ మధ్య టీవీల బాటనే పడుతున్నాయి. వచ్చే వాయుగుండం నాటికి, కనీసం మీ వెబ్‌సైట్‌లో తిరుపతి వాన వార్త పక్కన ఏ ఏటి ఫొటో వేశారో దాని కిందనే రాయించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి.