గంటకా, గుత్తకా?

మిర్యాలగూడ

ప్రియమైన యాదగిరికి,

రెండు నెలలుగా నీ ఉత్తరానికి జవాబు రాయనందుకు మన్నించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నది ఆరో తరగతిలో చేరింది, యాసంగి వడ్లు బాగానే వచ్చాయి. మిగిలిన కబుర్లు తర్వాత రాస్తాను. కాకినాడలో చూసింది నీకు చెప్పనిదే నాకు నిద్ర పట్టేలా లేదు.

మిల్లు బియ్యంతో పాటు యజమాని నన్నూ పంపించారు. అక్కడి లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా సముద్రంలోనే నిలబడితే, బస్తాలను బార్జీలపై వాటి దగ్గరికి చేరుస్తారు. నేను ఓడ ఎక్కిన మధ్యాహ్నం ఒక్కసారిగా మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడగానే కూలీలు పక్కకు తప్పుకున్నారు, గుమ్ముల్లాంటి సరుకు అరల మీద ఇనుప మూతలు పడ్డాయి, ఓడ అధికారి ఒకాయన గడియారం చూసి, పని ఆగిన సమయాన్ని నిమిషంతో సహా కాగితం మీద రాసుకున్నాడు. నాకు వెంటనే మీ బావి కాడి పొలంలో దిగబడిన కోత మిషన్, దాని పక్కన మీ నాయన, నీ చేతి గడియారం గుర్తొచ్చాయి. ఆ గడియారం సంగతి మనిద్దరి మధ్యనే ఉండనీ.

ఓడ కిరాయిలోనూ ఆ కోత మిషన్ కిరాయి తగవే యాదగిరీ, గంటకా, గుత్తకా అని! వాయేజ్ చార్టర్ అంటే గుత్త: టన్నుకు ఇంత అని మాట్లాడుకుంటే ఇంధనం, రేవు ఖర్చులు ఓడ యజమానివి, సరుకు ఎక్కించే గడువు దాటితే మాత్రం రోజుల లెక్కన మన దగ్గర డెమరేజ్ వసూలు చేస్తాడు. టైమ్ చార్టర్‌లో రోజుకు ఇంత కిరాయి. సిబ్బంది, మరమ్మతులు యజమానివి, ఇంధనం తీసుకున్నవాడిది. మా ఒప్పందంలో వాన గంటలు గడువులో కలవవు, కానీ ఒకసారి డెమరేజ్ మొదలైతే ఆ తర్వాత కురిసే వానా మన ఖాతాలోనే పడుతుంది. ఇది విన్నాక, దారిలో ఆగిన మా లారీలను తలచుకొని ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు.

కాలం తలకిందులైనప్పుడు ఈ ఎంపికే కంపెనీని నిలబెడుతుంది, లేదా ముంచుతుంది. ఓడ కిరాయిలను చూపే బాల్టిక్ డ్రై ఇండెక్స్ 2008 మే 20న 11,793 దగ్గర ఉండి, డిసెంబరు 5 నాటికి 663కు పడిపోయింది. మే నెలలో ఏళ్ల తరబడి రోజు కిరాయికి ఒప్పుకున్నవాళ్ల గతి ఊహించు! అందుకే తెలివైనవాళ్లు కొన్ని ఓడలను ఏళ్లకు, కొన్నింటిని నెలలకు, కొన్నింటిని ఒక్క ప్రయాణానికే మాట్లాడుకుంటారు. ఆ కష్టకాలంలోనే ఓడలను నెమ్మదిగా నడపడం అలవాటైంది. వేగం పదో వంతు తగ్గిస్తే రోజుకు కాలే ఇంధనం పావు వంతుకు పైగా మిగులుతుందట. నెమ్మదితనమూ ఒక పొదుపేనని నాకు అక్కడే అర్థమైంది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, సరుకు పెరగకపోయినా కిరాయిలు పెరిగాయి. ఒక్కో ఓడ ఎక్కువ రోజులు దారిలోనే ఉండిపోతే, ఖాళీ ఓడ దొరకదు కదా.

చెప్పడం మరిచాను, మా చివరి బస్తా గడువుకు మూడు గంటల ముందే ఎక్కింది! మిగిల్చిన సమయానికి ఓడ యజమానే మనకు ఎదురు డబ్బు ఇస్తాడు, దాన్ని డిస్పాచ్ అంటారు, మామూలుగా డెమరేజ్ రేటులో సగం. ఆ మూడు గంటల లెక్క నేనే దగ్గరుండి... కింద కాంటా మీద లారీ ఎక్కింది, నా కోసం పిలుస్తున్నారు. మీ నాయనను అడిగానని చెప్పు.

నీ
నర్సింహ