మార్చి, ఏప్రిల్ నెలల్లో మా దగ్గర ఫ్రిజ్ ఫ్యాన్ మోటారు కొన్నవారికి

మార్చి 3 నుంచి ఏప్రిల్ 20 వరకు విశాఖలోని మా అక్కయ్యపాలెం దుకాణంలో ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కోసం 12 వోల్టుల డీసీ ఫ్యాన్ మోటారు కొనుక్కుని, ఇంటి దగ్గర స్వయంగా బిగించుకున్న 38 మందిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. ఆ మోటార్లలో లోపం ఉంది. మీ బిగింపులో లోపం లేదు. మీలో నలుగురితో నేను ఇందుకు పూర్తిగా విరుద్ధంగా మాట్లాడాను కనుక ఈ రెండో మాటను అందరి ఎదుట చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

ఆ నలుగురిలో మొదటివారు ఎం.వి.పి. కాలనీలో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఫ్రీజర్ వెనుక పలకను విప్పేటప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకుని, స్క్రూలను స్టీలు గిన్నెలో వేసుకుని, లోపల చల్లదనం పుట్టించే కాయిల్ మీది మంచును చాకుతో గీకకుండా తలుపు తీసి ఉంచి రాత్రంతా దానంతట అదే కరగనిచ్చి, ఆ తరువాతే మోటారు మార్చిన మనిషి. మా దగ్గర పనిచేసే కుర్రవాళ్లు కూడా అంత ఓపికగా చేయరు. రెండు వారాలు ఫ్రిజ్ బాగానే పనిచేసింది. మూడో వారంలో పైన ఫ్రీజర్లో వంజరం ముక్కలు రాయిలా గడ్డకట్టి ఉండగానే కింద పాలు విరిగాయి, ఇడ్లీ పిండి పొంగి పులిసిపోయింది. ఆవిడ మోటారు విప్పి, చేతిరుమాలులో చుట్టి దుకాణానికి తీసుకువచ్చారు. నేను బల్ల మీది అడాప్టరుకు తగిలించాను. అది చక్కగా తిరిగింది. "మోటారు బాగానే ఉందమ్మా, మీరు కనెక్టరు పూర్తిగా నొక్కి ఉండరు" అన్నాను. "నేనే ఏదో పొరపాటు చేసి ఉంటాను బాబూ" అని ఆవిడ మళ్లీ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. వారం తిరగకుండా మళ్లీ వచ్చారు. మళ్లీ అదే మాట అన్నాను. గోపాలపట్నం నుంచి, పెదవాల్తేరు నుంచి, గాజువాక నుంచి వచ్చిన మిగతా ముగ్గురికీ అదే సమాధానం ఇచ్చాను.

నలుగురి మోటార్లూ ఒకే అట్టపెట్టెలోవని గమనించిన రోజు రాత్రి, ఆ పెట్టెలోవి ఆరు, అంతకు ముందు సరుకులో మిగిలినవి రెండు తీసి, దుకాణంలోని డీప్ ఫ్రీజర్లో పెట్టి తాళం వేసుకుని వెళ్లాను. మర్నాడు ఉదయం ఒక్కొక్కదాన్ని ఫ్రీజర్లోంచి తీయకుండానే, వైరు బయటికి లాగి 12 వోల్టులు ఇచ్చాను. పాతవి రెండూ వెంటనే తిరగడం మొదలుపెట్టాయి. కొత్తవాటిలో మొదటిది ఒకసారి వణికి ఆగిపోయింది. కొన్ని సెకన్ల తరువాత మళ్లీ వణికి, మళ్లీ ఆగింది. వేలితో బ్లేడును కాస్త తోస్తే బరువుగా కదిలి, అప్పుడు తిరగడం మొదలుపెట్టింది. ఆరింటిలో ఐదు అలాగే ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చేసరికి అన్నీ ఏ లోపమూ లేనట్టు తిరిగాయి. నేను ఇన్నాళ్లు బల్ల మీద చేసిన పరీక్షకు ఏ విలువా లేదని ఆ నిమిషంలో అర్థమైంది.

ఒకదాన్ని విప్పి చూస్తే బేరింగులో వేసిన గ్రీజు గది వేడిలో మెత్తగానే ఉంది కానీ చలికి మైనంలా బిగిసిపోతోంది. ఫ్రీజర్లో ఉండవలసిన చలి సున్నాకు 18 డిగ్రీలు దిగువ. అక్కడ పనిచేయవలసిన మోటారులో ఆ చలికి తట్టుకునే గ్రీజు వేయాలి. బిగించిన రోజు మోటారు వెచ్చగా ఉంటుంది కనుక ఇబ్బంది కనిపించదు. కంప్రెసర్ ఆగినప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఫ్యాను కూడా ఆగుతుంది. ఆ విరామంలో గ్రీజు బిగిసి, తిరిగి మొదలవవలసిన సమయంలో మోటారు కదలలేకపోతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లదనమంతా ఫ్రీజర్ వెనుక ఉన్న ఒక్క కాయిల్ దగ్గరే పుడుతుంది. దాన్ని థర్మాకోల్ గొట్టంలోంచి, గాలి దారిని తెరిచి మూసే డ్యాంపర్ గుండా కింది అరలకు తోసేది ఈ ఫ్యానే. అది ఆగితే కాయిల్‌ను ఆనుకుని ఉన్న ఫ్రీజర్ చాలాసేపు చల్లగానే ఉండి, కింది భాగం మాత్రం వెచ్చబడుతుంది. మీరు చూసింది అదే.

ఆరేళ్లుగా మాకు సరుకు పంపుతున్న ఆ వ్యాపారి పేరు ఇక్కడ రాయను. లోపమున్న మోటార్లు కొన్నింటినీ, ఫ్రీజర్లో తీసిన వీడియోనూ ఆయనకు పంపాను. ఐదో రోజున సమాధానం వచ్చింది. మెకానిక్ కానివాళ్లు బిగించిన మోటార్లకు పూచీ లేదని, ఇంట్లో వాళ్ల చేతికి ఇస్తే ఇలాగే ఉంటుందని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు కలిగిన కోపం ఆయన ఒక్కరి మీదే అని చెప్పలేను. మీలో నలుగురికి నేను అన్న మాట కూడా అదే. పెట్టెలో మిగిలిన 22 మోటార్లను ఎవరూ ఎక్కడా బిగించలేదు కదా, అవి చలిలో ఎందుకు తిరగడం లేదని అడిగాను. దానికి సమాధానం రాలేదు. మళ్లీ మళ్లీ ఫోన్ చేసిన తరువాత సగం డబ్బు ఖాతాలో సర్దుతామన్నారు. ఆ సగమూ వద్దని, ఇకమీదట సరుకూ వద్దని చెప్పాను. తక్కువ ధరకు వేరే ఊళ్లో వదిలించుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. ఎవరూ మళ్లీ వాడలేకుండా ఆ 22 మోటార్ల కనెక్టర్లనూ నేనే కత్తిరించాను.

అసలు తేల్చుకోలేకపోయిన విషయం ఇది కాదు. ఈ సంగతి తెలిసిన తోటి వ్యాపారులు ఇకనైనా విడిభాగాలు ఇళ్లవాళ్లకు అమ్మడం మానేసి, మా మెకానిక్ వచ్చి బిగిస్తేనే ఇస్తామని బోర్డు పెట్టమన్నారు. మా ఇంట్లో కూడా అదే అన్నారు. డబ్బు లెక్కలో వారి మాట సరైనదే. పది రోజులు ఆలోచించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక ఊరంతా ఒకేసారి మెకానిక్‌ల కోసం పరుగులు పెట్టింది. అప్పుడు దుకాణం ముందు నిలబడిన వారికి పలక ఎలా విప్పాలో, ఫ్యాను ఎలా శుభ్రం చేయాలో కాగితం మీద గీసి ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ రోజు నేర్చుకున్నవారే ఈనాటికీ తమ పిల్లలను వెంటబెట్టుకుని వస్తున్నారు. తప్పు సరుకు తెచ్చింది నేనైతే శిక్ష వారికి వేయడం నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా తోచలేదు. కాబట్టి అమ్మకం ఆపడం లేదు. ఎవరేమన్నా ఆపను.

ఇకపై ప్రతి ఫ్యాన్ మోటారునూ ఒక పూర్తి రోజు డీప్ ఫ్రీజర్లో ఉంచి, ఆ చలిలోనే తిప్పి చూసి, తేదీ రాసిన చీటీ అంటించి ఇస్తాం. కొత్త సరుకు వేరే చోటు నుంచి వచ్చింది. మోటారుకు 70 రూపాయలు ఎక్కువ పడుతోంది. ఆ 38 మందికి మాత్రం ఒక్క రూపాయి తీసుకోకుండా మారుస్తాం. బిల్లు దొరకకపోయినా ఫరవాలేదు. మధ్యలో వేరే మెకానిక్‌ను పిలిచి డబ్బు ఇచ్చినవారు ఎంత ఇచ్చారో చెబితే తిరిగి ఇస్తాను. ఇప్పటికి 26 మందితో మాట్లాడాను.

మొన్న ఉపాధ్యాయురాలి ఇంటికి కొత్త మోటారుతో, మా కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి క్షమాపణ చెప్పాను. కుర్రవాణ్ణి ఆవిడ పని ముట్టుకోనివ్వలేదు. పాత కాగితం తీసి, స్క్రూలు గిన్నెలో వేసుకుని తానే బిగించారు. నేను టార్చి పట్టుకున్నాను. పాత కనెక్టరు పూర్తిగా, గట్టిగా నొక్కే ఉంది.

ఇంకా నాతో మాట్లాడని 12 మంది, ఫ్రిజ్ బాగానే ఉందనిపించినా సరే, కింది అరలో గ్లాసు నీళ్లు రాత్రంతా ఉంచి ఉదయం థర్మామీటరు ముంచి చూడండి. 5 డిగ్రీలు దాటితే అనుమానించాలి. తలుపు పక్కన నొక్కుడు స్విచ్ ఉన్నవారు కంప్రెసర్ నడుస్తున్నప్పుడు దాన్ని వేలితో పట్టి ఉంచి, ఫ్యాను శబ్దం వస్తుందో లేదో వినవచ్చు. పలక విప్పే ముందు ప్లగ్గు తప్పకుండా పీకండి. కాయిల్ మొత్తం మంచుతో గోడలా పూడుకుపోయి ఉంటే లోపం మంచును కరిగించే డీఫ్రాస్ట్ హీటరులోనో దాని సెన్సరులోనో ఉండవచ్చు. కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు. ఆ రెండింటికీ ఫ్యాను మార్చడం మందు కాదు, మెకానిక్‌ను పిలవండి. ముఖ్యంగా మంచును చాకుతోగానీ స్క్రూడ్రైవరుతోగానీ పొడవవద్దు. కాయిల్ గొట్టం పలుచని అల్యూమినియం, చిల్లుపడితే లోపలి గ్యాస్ బయటికి వస్తుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్600ఏ గ్యాస్‌కు మండే గుణం ఉంది.

విప్పిన మోటారును పారేయకుండా తీసుకురండి. మీ ఎదుటే ఫ్రీజర్లో పెడతాను, మర్నాడు మీ ఎదుటే తిప్పి చూపిస్తాను.